గూడబాతులకు బ్యాండు మేళం

ఏలూరు తంగెళ్ళమూడిలో నాగూర్ డ్రమ్ము మోగిందంటే పెళ్ళికొడుకు ఎక్కిన కారు డ్రైవరు కూడా తాళానికే క్లచ్ వదిలేవాడని ఒక మాట ఉండేది. ఆ మాట అనేవాళ్ళలో సగం మంది నాగూరే. అయినా అది పూర్తిగా అబద్ధం కాదు. మెడకు సైడు డ్రమ్ము తగిలించుకుని, జరీ కుట్టిన ఎర్రకోటు బొత్తాలు పెట్టుకుంటే అయిదడుగుల మనిషి ఆరడుగులవాడయ్యేవాడు. అతని తండ్రి హసన్ కూడా మేళంలో డ్రమ్మే వాయించాడు. తండ్రి కొడుక్కి నేర్పినవి రెండే. చెయ్యి నొప్పెట్టినా తాళం తప్పకూడదు. పెళ్ళివారు భోజనానికి పిలిచేదాకా వంటశాల వైపు చూడకూడదు. రెండోది నాగూర్ ఏనాడూ పాటించలేదు. మొదటిది తప్పిన తరువాతే అతనికి పేరొచ్చింది.

ఏలూరులో పురోహితుల తరువాత పంచాంగం మీద నాగూరుకున్నంత శ్రద్ధ ఉన్న మనిషి ఇంకొకడు లేడు. ముహూర్తాలుంటేనే మేళం, మేళముంటేనే ఇంట్లో పొయ్యి. ఆషాఢం వస్తే మేళం లేదు. పుష్యం వస్తే లేదు. మూఢం వచ్చిందంటే ఎర్రకోటు మేకుకు వేలాడాల్సిందే. "ఈ శుక్రుడికి పనీ పాటా లేదు. ఊరికే పోయి సూర్యుడి చాటున దాక్కుంటాడు. వాడు బయటికొచ్చేదాకా మనం గంజి తాగాలి" అని గ్రహాలను కూడా వదలకుండా తిట్టేవాడు.

"శుక్రుణ్ణి తిడితే బియ్యం వస్తాయేంటండీ? ఈ రెండు నెలలూ ఏదో ఒక పని చూసుకోవచ్చు కదా" అనేది భార్య రహీమా, జాకెట్టు కుట్టే మిషను మీంచి తల ఎత్తకుండానే.

"కళాకారుణ్ణి పట్టుకుని మూటలు మొయ్యమంటావా?"

"అయితే కళనే ఉడకేసి పెడతాను, తినండి."

అలాంటి ఒక ఆషాఢంలో, తొంభైల చివర, పాండురంగారావు నుంచి కబురొచ్చింది. పాండురంగారావుది కైకలూరు అవతల ఒక లంక గ్రామం. కొల్లేరు ఆయన తాతల ఆస్తి కాదు. ఆ మాటకొస్తే ఎవరి తాతల ఆస్తీ కాదు. కానీ ఆ రోజుల్లో గట్టు వేసినవాడిదే చెరువు, చెరువు ఉన్నవాడిదే మాట. పాండురంగారావు సరస్సు కడుపులో అరవై ఎకరాల గట్లు పోయించి బొచ్చె, శీలావతి చేపలు పెంచేవాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం. అధికారుల కాళ్ళూ కూలీల జుట్టూ పట్టుకోవడంలో ఆ ప్రాంతంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఆయన బాధ పక్షులతో. తాను వేసిన మేత చేపలు తింటాయి, చేపల్ని పక్షులు తింటాయి. కాపలావాళ్ళ చేత టపాకాయలు కాల్పించాడు. నాలుగు రోజులు పోయేసరికి నీటికాకులకు దీపావళి అలవాటైపోయింది. ఎవరో సలహా చెప్పగా డ్రమ్ములవాణ్ణి పిలిపించాడు.

నాగూర్ గట్టు మీద నిలబడి మొదటి మూడు రోజులూ పెళ్ళి ఊరేగింపు దరువు వాయించాడు. మూడో రోజుకి కొంగలు ఆ దరువు వింటూ నిమ్మళంగా చేపలు పట్టుకున్నాయి. పాండురంగారావు చెరువు గట్టు మీదే నవ్వాడు. "ఏం నాగూరూ, వాటికి పెళ్ళి చేస్తున్నావా?" అన్నాడు. ఆ మాట నాగూర్‌ని కరిచింది. ఆ రాత్రంతా ఆలోచించి నాలుగో రోజు తాళం వదిలేశాడు. తాళం ఉన్నంతసేపూ తరువాత ఏమొస్తుందో వినేవాడికి తెలుస్తుంది, తెలిస్తే భయముండదు. అందుకని చాలాసేపు ఊరుకుని, పక్షులు దిగి మెడలు వంచాక, ఉన్నట్టుండి రెండు దెబ్బలు. మళ్ళీ మౌనం. ఈసారి అంచు మీద ఒకే ఒక్క దెబ్బ, ఎముక విరిగినట్టు. చెరువు మొత్తం ఒక్కసారి లేచిపోయింది.

దానికి లంకల్లో నాగూర్ దెబ్బ అని పేరొచ్చింది. పక్క చెరువులవాళ్ళు కూడా బండి కట్టి పిలిపించుకున్నారు. ముప్పై ఏళ్ళు తండ్రి నేర్పిన తాళాన్ని తప్పించినందుకు కూలి తీసుకుంటున్నానన్న సిగ్గు కొంచెం కూడా లేకుండా, నాగూర్ ఆ పేరు చెప్పుకుని తిరిగాడు. కోటి విద్యలు కూటికొరకే అంటారు. కూటి కోసం నేర్చిన విద్యను మీసం మెలేసి చెప్పుకోవడం మాత్రం నాగూర్ సొంత తెలివి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ చెరువుల పక్కనే ఒక పాత గుంట మధ్యలో నల్లతుమ్మలు ఉండేవి. వాటి మీద ఒక ఏడాది గూడబాతులు వచ్చి గూళ్ళు పెట్టాయి. సంచిలాంటి గొంతు, బూడిదరంగు ఒళ్ళు, మనిషి చెయ్యంత ముక్కు. "పొద్దుటా సాయంత్రం తోలితే చాలదు. ఇవి ఇక్కడ కాపురం పెడితే ఏటా వస్తాయి. మిట్టమధ్యాహ్నం గూళ్ళ కింద నిలబడి కొట్టు" అన్నాడు పాండురంగారావు. మధ్యాహ్నమే ఎందుకో నాగూరుకు తెలియలేదు. కొట్టాక తెలిసింది. ఎండలో తల్లి రెక్కలు గొడుగులా పట్టి పిల్లల్ని కాచుకుంటుంది. తల్లి లేస్తే ఈక ఒక్కటి లేని పిల్లలు ఆ ఎండలో ఊరేగింపు విడిదింటి నుంచి పందిరి చేరేంతసేపు కూడా బతకవు. గుడ్లు మిగిలితే వాటి సంగతి కాకులు చూసుకుంటాయి. మూడు మధ్యాహ్నాలు కొట్టేసరికి ఆ తుమ్మల మీద పుల్లలు తప్ప ఏమీ మిగలలేదు.

ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. ఏమైందని రహీమా అడిగితే చెప్పాడు. ఆమె మిషను ఆపేసింది. "ఇంకెప్పుడూ అలాంటి పనికి వెళ్ళకండి" అంది. సరేనన్నాడు. మర్నాడు తిన్నాడు. ఆ పై ఆషాఢంలో మళ్ళీ చెరువులకు వెళ్ళాడు, గూళ్ళ జోలికి మాత్రం పోలేదు. మనిషి తనకు తాను ఇచ్చుకునే శిక్ష ఎంతుంటుంది గనక!

రెండువేల ఆరులో ప్రభుత్వం కొల్లేటిలో చెరువుల గట్లు తవ్వించేసింది. యంత్రాలు దిగి అరవై ఎకరాల గట్లనూ నీళ్ళలో కలిపేశాయి. పాండురంగారావు నెల్లాళ్ళు ఏడ్చాడు, మరో నెల్లాళ్ళు ఆలోచించాడు, మూడో నెలలో పక్షి ప్రేమికుడైపోయాడు. ఊళ్ళో మిగిలిన ఊరుమ్మడి చెరువులో పదమూడు నల్లతుమ్మలున్నాయి. ఆ మరుసటి కార్తీకంలో గూడబాతులు వాటి మీద వాలాయి. వాలిన వారానికి గట్టు మీద ఫ్లెక్సీ లేచింది. కొల్లేటి పక్షి ప్రేమికుల సమాజం, అధ్యక్షులు పాండురంగారావు. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ గూడబాతు బొమ్మకంటే పెద్దది. వంద ఎలుకల్ని తిన్న పిల్లి కాశీకి బయల్దేరిందంటారు. ఈ పిల్లి కాశీ దాకా ఎందుకని ఎలుకల బోనుకే అధ్యక్షుడైంది.

సమాజానికి కాపలావాడు కావాల్సొచ్చింది. పాండురంగారావుకు తెలిసిన పక్షుల మనిషి ఒక్కడే. మళ్ళీ ఏలూరుకు కబురు పంపాడు.

నాగూరుకు అప్పటికి యాభై రెండేళ్ళు. పెళ్ళిళ్ళలో పెట్టెలంత స్పీకర్లు వచ్చి బ్యాండు మేళాన్ని వెనక్కి నెట్టేశాయి. ఉన్న నలుగురు వాయిద్యగాళ్ళలో ఒకడు టీ కొట్టు పెట్టాడు, ఒకడు ఆటో తోలుతున్నాడు. కాపలా ఉద్యోగం అనగానే నాగూర్ లేచి కూర్చున్నాడు. నెల నెలా జీతం. శుక్రుడు ఉన్నా ఊడినా జీతం. మూఢం లేని ఉద్యోగం! "ముందు తాత్కాలికం. నీ పని చూసి పర్మనెంటు చేస్తాను, కాయితం మీద రాసిస్తాను" అన్నాడు పాండురంగారావు. నాగూర్ ఎర్రకోటు మడిచి ట్రంకు పెట్టెలో పెట్టి, గట్టు మీద తాటాకు గుడిసెలో దిగాడు. వారానికి ఒకసారి ఏలూరు బస్సెక్కేవాడు.

మొదట్లో అతనికి గూడబాతులంటే పెద్ద గౌరవమేమీ కలగలేదు. ఒట్టి సోమరి పక్షులు. పొద్దెక్కేదాకా కదలవు. లేస్తే ఒళ్ళు బరువుతో నీళ్ళ మీద పది అడుగులు పరిగెత్తి గానీ ఎగరలేవు. పక్క గూటి పుల్ల దొంగిలించి తమ గూట్లో పెట్టుకుంటాయి. "అచ్చం మన రావుగారే" అనుకునేవాడు. కానీ రోజూ చూస్తే ఏదైనా మన మనిషైపోతుంది. ఒక తల్లి ఎండలో రెక్కలు విప్పి, నోరు తెరుచుకుని, గొంతు సంచి ఆడిస్తూ గంటలకు గంటలు నిలబడేది. దాని నీడలో మూడు పిల్లలు. నాగూర్ దాన్ని చూస్తూ తన మధ్యాహ్నం కూడు చల్లారబెట్టుకునేవాడు. గూళ్ళు లెక్కపెట్టాడు, రెండువందల పన్నెండు. గట్టు మీద చెప్పులు విప్పి నడవడం మొదలెట్టాడు. చెరువుకొచ్చే గేదెల మెడ గంటల్లో గుడ్డ కుక్కాడు. కార్లేసుకుని వచ్చి హారన్లు కొట్టే తణుకు పిక్నిక్ జనాన్ని చేతులు జోడించి మరీ తిట్టాడు. "నిశ్శబ్దం కావాలండీ, బాలింతలున్నారండీ" అనేవాడు.

ఒకసారి రహీమా అన్నం క్యారేజీతో వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంట్లో గిన్నె పెట్టినా డ్రమ్ములా పెడతారు. ఇక్కడ పిల్లిలా నడుస్తున్నారే!" అంది. నాగూర్ సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులో సంతోషం కూడా ఉంది. ఆ పాత మూడు మధ్యాహ్నాల అప్పు తీరుతోందని లోపల అనుకున్నాడు. పైకి అనలేదు.

శివరాత్రికి చలి శివశివా అని వెళ్ళిపోయింది. ఆ తరువాతి వారం, రెండువేల ఎనిమిది మార్చిలో, పాండురంగారావు బుల్లెట్టు మీద ఊగుతూ వచ్చాడు.

"నాగూరూ, మన దశ తిరిగింది. పన్నెండు దేశాల సరస్సులు చూసుకుంటూ ఒక బృందం వస్తోంది. మన చెరువుకి! వాళ్ళు మెచ్చుకుంటే సమాజానికి ఎక్కడెక్కడి సాయమో వస్తుంది. నీ పర్మనెంటు కాయితం కూడా ఆ రోజే స్టేజి మీద ఇప్పిస్తాను. నీ మేళంవాళ్ళని పిలు. స్వాగతం అదిరిపోవాలి."

నాగూర్ ఒక క్షణం తాను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. "మేళమాండీ? ఇక్కడాండీ?"

"మరి? అంతదూరం నుంచి పెద్దవాళ్ళొస్తుంటే చప్పట్లు కొట్టి ఊరుకుంటామా? మన మర్యాద ఏం కావాలి?"

"గూళ్ళ మీద పిల్లలున్నాయండీ. మేళం కొడితే లేచిపోతాయి. ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు కదండీ."

పాత సంగతి ఎత్తగానే పాండురంగారావు మొహం గంటు పెట్టుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "నువ్వు కాదంటే తణుకు నుంచి మేళం తెప్పిస్తాను. వాళ్ళు పెద్ద డ్రమ్ములు మూడు తెస్తారు. నీ ఇష్టం" అని బండి ఎక్కేశాడు.

అతిథి వస్తే బాజా ఉండాలి. ఆ కొల్లేటి లంకల మర్యాద ఎంత గట్టిదంటే, అతిథి చెవిటివాడైనా బాజా ఉండాలి. పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళకు పక్షుల్ని తోలే వాయిద్యంతో స్వాగతం చెప్పడం పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమేనని ఊళ్ళో ఒక్కడికీ తట్టలేదు. తట్టినవాడు నాగూర్ ఒక్కడే. అతనేమో రాత్రికల్లా తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. తణుకువాళ్ళొస్తే చెరువు ఖాళీ అయిపోతుంది. నేనైతే దూరంగా రోడ్డు మీద నిలబడి, డ్రమ్ము మీద తువ్వాలు కప్పి, మెత్తగా వాయిస్తాను. మంచిపని కోసమే ఒప్పుకుంటున్నాను. లోకంలో చెడ్డపనులన్నీ ఇలాగే మెత్తగా మొదలవుతాయి గాని, ఆ రాత్రి నాగూరుకు అది గొప్ప ఉపాయంలా తోచింది.

ఆ రోజు వచ్చింది. గట్టుకు ఇరవై గజాల్లో షామియానా, స్టేజి, మైకు. స్టేజి వెనక గోడంత ఫ్లెక్సీ. దాని మీద పెద్దపులి, జిరాఫీ, తిమింగలం, వెదురు నమిలే పాండా, మంచు మీద వరసగా నిలబడ్డ పెంగ్విన్లు. ప్రపంచంలో ఉన్న జంతువులన్నీ వచ్చాయి, గూడబాతు ఒక్కటి తప్ప. పెంగ్విన్‌కీ కొల్లేటికీ ఏం చుట్టరికమని నాగూర్ అడిగితే, "ప్రపంచ స్థాయిలో ఉండాలిరా" అన్నాడు పాండురంగారావు.

ఎర్రకోటు మళ్ళీ తీసి తొడుక్కున్న నాగూర్, క్లారినెట్ వాయించే ఏడుకొండలు, ఇద్దరే రోడ్డు మలుపులో నిలబడ్డారు. డ్రమ్ము మీద తువ్వాలు. కార్లు రాగానే నాగూర్ తాళం ఎత్తుకున్నాడు. తండ్రి నేర్పిన తాళం, గడియారంలా నడిచే తాళం. చెయ్యి వాయిస్తోంది, కళ్ళు తుమ్మల మీదే ఉన్నాయి. గూడబాతులు మెడలు ఎత్తాయి. కొన్ని లేచి నిలబడ్డాయి. తరువాత ఒక్కొక్కటే మళ్ళీ కూర్చున్నాయి. నాగూరుకు ఏడుపొచ్చినంత పనైంది. తాళం తప్పకుండా వాయిస్తే అవి ఊరుకుంటాయని పదేళ్ళ కిందటే కొంగలు చెప్పాయి. ఇప్పుడు ఆ తాళమే వాటిని కాపాడింది.

బృందంలో పెద్దావిడ ఒకామె ఉంది, తెల్లజుట్టు, చేతిలో దూరదర్శిని. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా గట్టు మీద నేల మీదే కూర్చుని చూడ్డం మొదలెట్టింది. మిగతావాళ్ళూ ఆమె వెనకే కూర్చున్నారు. అప్పటికి పదకొండున్నర. ఎండ మండుతోంది. అంతా ఎంత బాగుందో నాగూర్ చెప్పలేడు.

బాగుండటం నచ్చనివాడు ఎప్పుడూ ఒకడుంటాడు. ఆ రోజు పేపరు ఫొటోగ్రాఫరు. "ఏంటండీ రావుగారూ, అన్నీ మూటల్లా కూర్చున్నాయి! ఎగురుతుంటే గదా ఫొటో" అన్నాడు. పాండురంగారావు తుమ్మల వైపు చూశాడు, ఫొటోగ్రాఫరు వైపు చూశాడు, నాగూర్ దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు.

"ఒక్కటి వెయ్యి."

"ఏంటండీ?"

"అదే. పాత దెబ్బ. ఒక్కటే."

"వద్దండీ. మీకు దణ్ణం పెడతాను. మిట్టమధ్యాహ్నమండీ ఇది."

"ఒక్క నిమిషం ఎగిరి మళ్ళీ వాల్తాయి. ఏం కొంప మునగదు." పాండురంగారావు నవ్వుతూనే చొక్కా జేబు మీద వేలితో తట్టాడు. జేబులోంచి కాయితం అంచు తెల్లగా కనిపిస్తోంది. "నీ కాయితం ఇదిగో. ఇప్పటిదాకా పేరు రాయలేదు."

కాదంటే ఏమయ్యేది? కాయితం మీద ఇంకొకడి పేరు పడేది. నాగూర్ మళ్ళీ తంగెళ్ళమూడిలో శుక్రుణ్ణి తిట్టుకుంటూ కూర్చునేవాడు. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. చావడు. ఈ సంగతి నాగూరుకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే, తువ్వాలు తీసి ఏడుకొండలు భుజం మీద వేశాడు. కర్ర ఎత్తాడు. చాలాసేపు ఊరుకున్నాడు, ఎంతసేపు ఊరుకోవాలో అతనికి బాగా తెలుసు. అంచు మీద ఒక్కటి కొట్టాడు.

రెండువందల పన్నెండు గూళ్ళ మీది పక్షులూ ఒకేసారి లేచాయి. ఆకాశం మీద దుప్పటి పరిచినట్టు చెరువు మీద నీడ పడింది. ఫొటోగ్రాఫరు కేరింతలు కొట్టాడు. జనం చప్పట్లు, ఈలలు. తెల్లజుట్టు పెద్దావిడ చప్పట్లు కొట్టలేదు. దూరదర్శిని దించి పాండురంగారావు వైపు తిరిగి ఏదో అడిగింది. దుబాసీ దాన్ని తెలుగులో చెప్పాడు. "ఇవి ఎందుకు లేచాయి అని అడుగుతున్నారండీ."

"ఆనందమండీ. అతిథుల్ని చూస్తే వాటికి ఆనందం" అన్నాడు పాండురంగారావు. ఆ దుబాసీ ఏం చెప్పాడో గాని, పెద్దావిడ ఆ తరువాత ఆయన మొహం చూడలేదు.

ఒక్క నిమిషంలో వాలాల్సిన పక్షులు వాలలేదు. ఎలా వాల్తాయి? అదే సమయానికి మైకు మొదలైంది. అధ్యక్షులవారు ప్రకృతిని ప్రేమించాలన్నారు. ఉపాధ్యక్షులవారు పక్షులు మన అతిథులన్నారు. మూడో ఆయన ఆఫ్రికా ఏనుగుల నుంచి మొదలెట్టి అంటార్కిటికా దాకా వెళ్ళాడు, వెనక్కి రావడానికి అరగంట పట్టింది. అంతసేపూ గూడబాతులు చెరువు మీద గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. దిగబోయినప్పుడల్లా మైకు గట్టిగా అరిచింది. స్టేజి మీద శాలువా కోసం కూర్చోబెట్టిన నాగూరుకు మాటలేవీ వినపడలేదు. మొదటి కాకి వాలడం చూశాడు. తరువాత పది. తరువాత లెక్కలేదు. ఒకటి ముక్కుకు పచ్చసొన పూసుకుని స్టేజి ముందు నుంచే ఎగిరిపోయింది.

నాగూర్ లేచి స్టేజి దిగాడు. ఎర్రకోటుతోనే చెరువులో దిగి గుండెల లోతు నీళ్ళలో తుమ్మల కిందికి చేరాడు. కాకుల్ని తోలాలి. తోలడం అతనికి వచ్చినంత బాగా కొల్లేట్లో ఎవరికీ రాదు. డ్రమ్ము తేవచ్చు, అరవచ్చు. డ్రమ్ము కొడితే కాకులు పోతాయి, తల్లులు కూడా పోతాయి. అరిచినా అంతే. నోరు మూసుకుని చేతులు ఊపాడు. అడుగు నుంచి బురద తీసి విసిరాడు. చప్పుడు చెయ్యని మనిషంటే కాకికి ఏం లెక్క? అవి ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి గెంతి తమ పని తాము చేసుకున్నాయి. తన చేతులంటే నాగూరుకు పుట్టి బుద్ధెరిగాక అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. నరికేసుకోవాలనిపించింది. షామియానాలో జనం మాత్రం కాపలావాడి భక్తికి మురిసి మళ్ళీ చప్పట్లు కొట్టారు.

రెండు గంటలకు కార్లు వెళ్ళిపోయాయి. మైకు ఆగాక తల్లులు దిగాయి. దిగినవి గూళ్ళలోకి వంగి చూసి, ముక్కుతో కదిపి చూసి, కదలనివాటి పక్కనే నిలబడ్డాయి. కొన్ని సాయంత్రం దాకా రెక్కలు విప్పి ఆ కదలని పిల్లలకే నీడ పట్టాయి. మూడు రోజుల్లో సగం, వారంలో అన్నీ చెరువు వదిలి వెళ్ళిపోయాయి.

"ఫొటో అదిరింది! పేపర్లో సగం పేజీ వేశాడు" అంటూ పాండురంగారావు కాయితం తెచ్చి ఇచ్చాడు. పేరు రాసి ఉంది. "ఏటా ఇదే వారంలో చేద్దాం." కాయితంతోపాటు ఒక ఖాకీ చొక్కా కూడా ఇచ్చాడు. జేబు మీద ఎర్రదారంతో 'పక్షి సంరక్షకుడు' అని కుట్టి ఉంది.

నాగూర్ ఆ కాయితాన్ని ఆయన మొహాన కొట్టాడని రాస్తే ఎంత బాగుండును! కొట్టలేదు. రెండు చేతులా పుచ్చుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళి రహీమాకు చూపించి, ఎలా వచ్చిందో కూడా దాచకుండా చెప్పాడు. రహీమా ఆ చొక్కాను తిప్పి చూసింది. "కుట్టు బాగానే ఉంది" అని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆమె ఎప్పుడూ క్యారేజీ పట్టుకుని చెరువుకు రాలేదు.

మరుసటి కార్తీకం వచ్చింది. మార్గశిరం వచ్చింది. పదమూడు తుమ్మల మీద ఒక్క గూడబాతు వాలలేదు. పేపరు ఫొటో చూసినవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. "మేతకెళ్ళాయండీ, సాయంత్రానికి వస్తాయి అని చెప్పు. సాయంత్రం దాకా ఎవడుంటాడు?" అన్నాడు పాండురంగారావు. నిజమే, ఎవడూ ఉండలేదు. ఖాళీ చెట్ల ముందు ఫొటో దిగి, చిప్స్ పొట్లాలు గట్టు మీద పారేసి, చీకటి పడకముందే వెళ్ళిపోయేవారు. నాగూర్ ఆ ముక్క అప్పజెబుతూ నెల నెలా జీతం తీసుకున్నాడు.

పుష్యమాసంలో ఒక ఆదివారం రత్నమాల అనే టీచరుగారు తాడేపల్లిగూడెం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. స్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. పిల్లల్ని తీసుకురావడానికి ముందు తాను ఒకసారి చూసి వెళ్దామని వచ్చింది. నాగూర్ మామూలుగానే చెప్పాడు. "మేతకెళ్ళాయండీ, సాయంత్రానికి వస్తాయండీ."

"ఫరవాలేదండీ, ఉంటాను" అంది ఆమె. గట్టు మీద చీర కొంగు సర్దుకుని కూర్చుని టిఫిను డబ్బా తీసింది. పులిహోర సగం మూత మీద పెట్టి అతనికీ ఇచ్చింది. గూళ్ళు ఎలా కడతాయి, పిల్లలకు ఏం పెడతాయి అని అడిగింది. నాగూర్ చెప్పాడు. చెబుతుంటే అతనికి తెలియకుండానే గొంతు తగ్గింది. రెక్కలు విప్పి ఎండ కాచే తల్లి గురించి చెప్పాడు. ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది. మూడయింది, నాలుగయింది. ఆమె తుమ్మల వైపు చూసినప్పుడల్లా నాగూర్ నేల వైపు చూశాడు. అయిదింటికి నత్తగుల్ల కొంగలు నాలుగు పైనుంచి దాటిపోయాయి, ఆమె ఆశగా లేచి నిలబడింది.

"అవి కావండీ" అన్నాడు నాగూర్.

"ఇంకాసేపు చూస్తానండీ. ఆరున్నరకు బస్సుందట."

"అవి రావమ్మా."

"ఇవాళ రావా అండీ?"

"ఎప్పుడూ రావు. నేనే తోలేశానండీ. గూళ్ళలో పిల్లలుండగా, మిట్టమధ్యాహ్నం పూట డ్రమ్ము కొట్టాను. తెలిసే కొట్టాను."

రత్నమాల అతని మొహం వైపు చూసింది. తమాషాకి అంటున్నాడేమో అనుకుంది. కాదని తెలిశాక ఆమె చూపు అతని జేబు మీది ఎర్ర అక్షరాల దగ్గర ఆగింది. నాగూర్ వాటి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మీరే ఎందుకండీ అలా చేశారు?"

"ఈ చొక్కా కోసమేనండీ" అన్నాడు నాగూర్.